ఎత్తు ఇస్తుంది, దారి తింటుంది



హైదరాబాద్ శివార్లలో దుండిగల్, గండిమైసమ్మ, బౌరంపేట, మల్లంపేట వైపు ఇల్లు కట్టుకున్నవాళ్ళు నలుగురు ఒకచోట కూడితే, మాట కాసేపటికి నీళ్ళ మీదికి మళ్ళుతుంది. నీళ్ళే రావడం లేదన్నది వేరే గోడు. ఈ రోజు నేను మాట్లాడబోయేది, వచ్చే నీళ్ళలో బలం లేకపోవడం గురించి. "నల్లా మొత్తం విప్పినా సన్నగనే వస్తున్నయి." "కింద బాగనే ఉంది గని, పైన షవర్ల ఫోర్స్ లేదు." "పొద్దున ఆరింటికి మంచిగ వస్తయి, ఏడైతే పడిపోతయి." వినడానికి మూడూ ఒకటే ఫిర్యాదులా ఉంటాయి. మూడింటికీ కారణాలు వేరు. ఆ తేడా తెలియక చాలామంది ముందు పోయి మోటరు కొంటారు. ఆ మోటరు కొన్ని ఇళ్ళలో దండగ ఖర్చు. కొన్నిచోట్ల పక్కింటివాళ్ళకు అన్యాయం. ఇంకొన్నిచోట్ల వీధి మొత్తానికీ ముప్పు. అందుకే ఈ విషయం కాస్త వివరంగా చెప్పాలనిపించింది.

ముందు మన ఊరు ఎంత ఎత్తున ఉందో చూద్దాం. హుస్సేన్‌సాగర్ నిండితే దాని నీటిమట్టం సముద్రమట్టానికి 513.41 మీటర్లు. 1908 మూసీ వరదల తర్వాత నగరానికి కట్టిన రెండు జలాశయాల్లో మొదటిది ఉస్మాన్‌సాగర్, మన నోట గండిపేట. 1920లో పూర్తయింది. దాని పూర్తి మట్టం 1790 అడుగులు, అంటే దాదాపు 546 మీటర్లు. 1927 నాటి హిమాయత్‌సాగర్ అంతకన్నా ఇరవై ఆరున్నర అడుగులు తక్కువ. ఎయిర్‌ఫోర్స్ అకాడమీ రన్‌వే ఉన్న దుండిగల్ నేల మాత్రం 600 మీటర్లు దాటే ఉంటుంది. గండిపేట గేట్లు ఎత్తేంతగా నిండిన రోజున కూడా, ఆ నీటికన్నా ఇక్కడి గడప యాభై మీటర్లకు పైగా ఎత్తున ఉంటుందన్నమాట.

పాత నగరానికి ఆ రోజుల్లో ఈ బాధ లేదు. గండిపేట నీళ్ళు తమంతట తాము ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్ల దాకా వెళ్ళేలా ఆనాటి ఇంజనీర్లు మట్టాలు చూసుకుని కాలువ కట్టారు. పంపు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, వాలు చాలు. దుండిగల్‌కు ఆ సదుపాయం ఎటునుంచీ లేదు. మంజీర మీద సింగూరు పూర్తి మట్టం 523.6 మీటర్లు. కృష్ణ మీద నాగార్జునసాగర్ 590 అడుగులు, అంటే 180 మీటర్లకు కొద్దిగా లోపు. గోదావరి మీద ఎల్లంపల్లి 148 మీటర్లు. ఏ నది వైపు చూసినా అది మనకన్నా కిందే ఉంది. ఆ నదుల నుంచి ఇక్కడి పైపుల్లోకి చేరే ప్రతి చుక్కా ఎక్కి రావాల్సిందే.

2015 చివర్లో అందుబాటులోకి వచ్చిన గోదావరి నీళ్ళ పథకం మొదటి దశనే తీసుకోండి. ఎల్లంపల్లి నుంచి మల్లారం శుద్ధి కేంద్రం మీదుగా, శామీర్‌పేట దగ్గరి ఘన్‌పూర్ రిజర్వాయరు దాకా దాదాపు 186 కిలోమీటర్ల దారి. రోజుకు 172 మిలియన్ గ్యాలన్లు, లీటర్లలో 78 కోట్ల పైచిలుకు తేవడానికి వేసిన పథకం అది. గోదావరి మట్టం నుంచి మన మట్టానికి రావాలంటే నీళ్ళు 450 మీటర్లు ఎక్కాలి. వెయ్యి లీటర్లను అంత ఎత్తుకు చేర్చడానికి, పంపుల్లో నష్టం గానీ పైపుల్లో రాపిడి గానీ ఏమీ లేవనుకున్నా, సుమారు ఒకటింబావు యూనిట్ల కరెంటు పడుతుంది. నష్టాలు కలుపుకుంటే ఇంకా ఎక్కువ. మనం బకెట్ నిండి పొర్లుతున్నా చూడకుండా వదిలేసే నీళ్ళు అంత ఖర్చుతో ఎక్కివచ్చినవి.

ఈ ఎత్తుల లెక్క ఎందుకు చెప్తున్నానంటే, ప్రెషర్ అనేది ప్రధానంగా ఎత్తే. మోటరు చేసేదీ ఆ పనే. నీటిని నిజంగా ఒక ఎత్తుకు చేరుస్తుంది, లేదా అంత ఎత్తు నుంచి దిగితే ఎంత బలం ఉంటుందో అంత బలాన్ని పైపులోనే కలిగిస్తుంది. పది మీటర్ల ఎత్తు నీళ్ళు కిందనున్న ప్రతి చదరపు సెంటీమీటరు మీదా ఇంచుమించు ఒక కిలో బరువు మోపుతాయి. ప్లంబర్లు "ఒక కేజీ ప్రెషర్", "రెండు కేజీల ప్రెషర్" అంటారే, అది ఇదే. కేజీ అంటే పది మీటర్లు, అంటే సుమారు మూడంతస్తుల ఎత్తు. ఈ ఒక్క లెక్క గుర్తుంటే సగం సమస్యలు మీకు మీరే తేల్చుకోవచ్చు.

దీన్ని కళ్ళతో చూడాలంటే పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీలు పిల్లర్ల మీద మట్టం చూసుకోవడానికి వాడే లెవెల్ పైపు ఉంటుంది, లోపలి నీళ్ళు కనిపించే సన్న గొట్టం. అలాంటిది ఒక పన్నెండు మీటర్లు తెచ్చుకోండి. ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి వచ్చే నల్లాల్లో కింది అంతస్తుది ఒకటి చూసుకుని, ఒక కొస దానికి తొడిగి, క్లిప్పు గట్టిగా బిగించండి. రెండో కొస మూయకుండా మెట్ల పక్కగా పైదాకా తీసుకెళ్ళి కట్టండి. ఇప్పుడు నల్లా మెల్లగా విప్పండి. గొట్టంలో నీళ్ళు పైకి పాకుతాయి. మొదటి అంతస్తు దాటుతాయి, రెండోది దాటుతాయి, మెల్లమెల్లగా వేగం తగ్గి ఒకచోట నిలుస్తాయి. ఆ గీతకు ఎదురుగా డాబా మీద మీ ట్యాంకు మూత తీసి చూస్తే, లోపలి నీళ్ళు సరిగ్గా అదే మట్టంలో ఉంటాయి. నల్లా నుంచి ఆ గీత దాకా టేపు పట్టి కొలవండి. ఎన్ని మీటర్లు వస్తే అదే మీ ప్రెషర్.

అసలు సంగతి ఆ తర్వాత ఉంది. గొట్టాన్ని అలాగే ఉంచి, అదే పైపు మీదున్న ఇంకో నల్లాను, బాత్రూములో బకెట్ కిందిదాన్ని, పూర్తిగా విప్పమనండి. గొట్టంలో నిలిచి ఉన్న నీళ్ళు గబుక్కున కిందికి జారుతాయి. మీటరో, రెండో, ఒక్కోసారి నాలుగో. బాత్రూము నల్లా కట్టేస్తే మళ్ళీ పాత గీతకు వచ్చేస్తాయి. ట్యాంకు ఎత్తు మారలేదు, నీళ్ళు తగ్గలేదు. మరి ఆ నాలుగు మీటర్లు ఏమైనట్టు? పైపు గోడల రాపిడికి, ఎల్బోల మలుపులకు, సగం మూసుకున్న వాల్వుకు ఖర్చయిపోయాయి. నీళ్ళు కదలనంతసేపూ దారికి ఖర్చు లేదు. కదిలాయంటే మొదలవుతుంది. ఎత్తు ఇస్తుంది, దారి తింటుంది. తినగా మిగిలింది మన షవర్‌లోంచి పడుతుంది.

నల్లాలు అన్నీ మూసి ఉన్నప్పుడు మంచి ప్రెషర్ చూపించి, ఒకటి విప్పగానే పడిపోతే తప్పు దారిది. మూసి ఉన్నప్పుడు కూడా ప్రెషర్ లేకపోతే తప్పు ఎత్తుది. ఈ రెండింటికీ మందు ఒకటి కాదు.

ఎత్తు సంగతి ముందు చూద్దాం. కింద ఒకటి, పైన రెండు అంతస్తులున్న ఇల్లు అనుకోండి. ఒక్కో అంతస్తు మూడు మీటర్లు. పై స్లాబు మీద ఒక మీటరు దిమ్మె కట్టి ట్యాంకు కూర్చోబెట్టారు. ట్యాంకు అడుగు నేల నుంచి పది మీటర్ల ఎత్తున ఉన్నట్టు. కింది అంతస్తు నల్లాకు దాదాపు తొమ్మిది మీటర్లు దక్కుతాయి, అంటే కేజీకి దగ్గరగా. అందుకే కింద ఎప్పుడూ బాగానే ఉంటుంది. రెండో అంతస్తులో షవర్ తల నేల నుంచి ఎనిమిది మీటర్ల దగ్గర ఉంటుంది. దానికి దక్కేది రెండే మీటర్లు, ట్యాంకు నిండుగా ఉంటే ఇంకో మీటరు. పావు కేజీ అటూ ఇటూ. అందులోంచి దారి తన వాటా తీసుకుంటుంది. చుక్కలు పడక ఏమవుతాయి?

ఇక్కడ జనంలో గట్టిగా నాటుకుపోయిన ఒక అపోహ ఉంది. ఐదు వందల లీటర్ల ట్యాంకు తీసేసి రెండు వేల లీటర్లది పెడితే ప్రెషర్ పెరుగుతుందని. పెరగదు. లోపలున్న నీళ్ళు ఎన్ని అన్నది నీటి ఒత్తిడికి పట్టదు, మట్టం ఎంతన్నదే పడుతుంది. చెరువంత వెడల్పు ట్యాంకు పెట్టినా మట్టం ఒకటే అయితే బలం ఒకటే. అదే ఖర్చుతో దిమ్మెను ఒక మీటరు నుంచి రెండున్నర మీటర్లకు పెంచి చూడండి. కింది అంతస్తుకు తేడా తెలియదు. పై అంతస్తు షవర్‌కు మాత్రం రెండు మీటర్లున్నది మూడున్నర అవుతుంది, ముప్పాతిక వంతు ఎక్కువ. సాయంత్రానికి పైవాళ్ళ నీళ్ళు సన్నబడటానికి కారణం కూడా ఇదే. ట్యాంకు ఖాళీ అవుతున్న కొద్దీ ఉన్న కాస్త ఎత్తులోంచి ఒక మీటరు పోతుంది. కింద పదిలో ఒకటి పోతే ఎవరూ గమనించరు. పైన మూడులో ఒకటి పోతే ఇల్లంతా గమనిస్తుంది.

గోల్కొండ కట్టినవాళ్ళకు ఈ విద్య క్షుణ్ణంగా తెలుసు. దుర్గం చెరువు నీళ్ళను కోటకు తెచ్చి, రాట్నాల లాంటి చక్రాలతో మెట్టుమెట్టుగా పై తొట్లలోకి ఎత్తించి, అక్కడి నుంచి గోడల్లో పొదిగిన మట్టి గొట్టాల గుండా కింది మహళ్ళకు వదిలారు. ఆ గొట్టాల ముక్కలు ఇప్పటికీ అక్కడ కనిపిస్తాయి. ముందు ఎత్తించు, తర్వాత దిగనివ్వు. ఈ రోజు మిషన్ భగీరథలో గుట్టల మీద రిజర్వాయర్లు కట్టి ఊళ్ళకు నీళ్ళు దించుతున్నదీ ఆ సూత్రంతోనే. 2016 ఆగస్టు 7న ఆ పథకాన్ని ప్రారంభించిన గజ్వేల్ దగ్గరి కోమటిబండ అలాంటి గుట్టే.

ఇక దారి సంగతి. పైపు వ్యాసం చేసే మేలూ కీడూ మన ఊహకు మించి ఉంటాయి. 1905లో హేజన్, విలియమ్స్ అనే ఇద్దరు అమెరికన్ ఇంజనీర్లు ఇచ్చిన సూత్రాన్నే నేటికీ నీటి సరఫరాలో విరివిగా వాడుతున్నారు. దాని ప్రకారం, అదే ప్రవాహానికి పైపు వ్యాసం సగం చేస్తే రాపిడి నష్టం రెట్టింపు కాదు, నాలుగింతలు కాదు, దాదాపు ముప్పై రెట్లు అవుతుంది. ముప్పావు అంగుళం వేయాల్సిన చోట అరంగుళం వేస్తేనే నష్టం సుమారు ఏడు రెట్లు. కింది అంతస్తులో తొమ్మిది మీటర్ల బలం ఉంది కాబట్టి అరంగుళం వేసినా చెల్లిపోతుంది. రెండు మీటర్లు మాత్రమే ఉన్న పై అంతస్తుకే లావు పైపు కావాలి. మనవాళ్ళు చేసేది దానికి తిరగబడి ఉంటుంది. మిగిలిపోయిన సన్న పైపు ముక్కలు పైన వాడేస్తారు. ఇల్లు కట్టుకునేవాళ్ళకు నా మనవి ఒక్కటే. టైల్స్ మీద పెట్టే శ్రద్ధలో పదోవంతు, డాబా మీద ట్యాంకు నుంచి దిగే మొదటి పైపు మీద పెట్టండి. అది ఒకటింబావు అంగుళమో ఒకటిన్నర అంగుళమో ఉండాలి. ఇంట్లో ఎన్ని నల్లాలు విప్పినా నీళ్ళన్నీ దాంట్లోంచే రావాలి కదా.

పైపు లావుగానే ఉండి, కొన్నేళ్ళు బాగానే నడిచి, మెల్లగా సన్నబడిందంటే చూడాల్సింది సున్నం. మన నేల రాతినేల. ఈ చుట్టుపక్కల బోర్లలో చాలా వాటివి ఉప్పునీళ్ళే, సబ్బు నురగ రానివి. గీజరులో వేడెక్కినప్పుడు ఆ నీటిలోని సున్నం బయటపడి పేరుకుంటుంది. షవర్ తల విప్పి వెలుతురుకు పట్టి చూడండి. వంద కన్నాల్లో సగం తెల్లగా పూడిపోయి ఉంటాయి, తెరిచి ఉన్నవాటి అంచులకు గట్టి పెచ్చు కట్టి ఉంటుంది. సింకు నల్లా మూతిలో ఉండే చిన్న జాలీ అయితే ఇసుక, సున్నం, ప్లంబరు వదిలిన టెఫ్లాన్ టేపు పోగులతో నిండి ఉంటుంది. రాత్రంతా వెనిగర్‌లోనో, నిమ్మరసం కలిపిన గోరువెచ్చని నీళ్ళలోనో నానబెట్టి, పొద్దున పాత బ్రష్‌తో రుద్దితే పోతుంది. టాయిలెట్ కడిగే యాసిడ్ మాత్రం వాడకండి, పూత లేచిపోతుంది. వేల రూపాయలు పోసి ప్రెషర్ పంపు పెట్టించే ముందు ఈ పని చేయండి. చాలా ఇళ్ళలో జబ్బు అక్కడే ఉంటుంది. పాత ఇళ్ళలో ఇనుప జీఐ పైపులుంటే లోపల తుప్పు గడ్డలు కట్టి అంగుళం పైపు కాస్తా వేలు దూరనంత సన్నబడుతుంది. దానికి నానబెట్టడాలు లేవు, మార్చడమే.

ఇంకొకటి, ట్యాంకు పూర్తిగా ఖాళీ అయి మళ్ళీ నింపిన తర్వాత వచ్చే తంటా. ట్యాంకు నిండుగా ఉంటుంది, వాల్వు తెరిచే ఉంటుంది, నల్లా విప్పితే కాసేపు బుసబుసమని గాలి వచ్చి ఆగిపోతుంది. డాబా మీద పైపు ఏ పిట్టగోడనో దాటడానికి గూనిలా పైకి లేచి దిగిన చోట గాలి చిక్కుకుంటుంది. పై అంతస్తుకు ఉన్న రెండు మీటర్ల బలం ఆ గాలిని నెట్టలేదు. ఆ గూని మీద ఒక టీ వేసి, ట్యాంకు పైమట్టం కన్నా ఎత్తుగా ఒక గాలి గొట్టం నిలబెడితే ఈ బెడద పోతుంది. చిన్న ఖర్చే. అనుభవమున్న ప్లంబరు అడక్కుండానే వేస్తాడు.

ఇంటి గేటు దాటి వీధిలోకి వెళ్ళే ముందు, మోటరు గురించి ఒక మాట చెప్పాలి. మోటరు నీళ్ళను లాగుతుందని మనం అనుకుంటాం. నిజానికి నీళ్ళను లాగడం ఎవరి తరమూ కాదు. మోటరు తన ముందున్న పైపులో ఒత్తిడి తగ్గిస్తుంది, అంతే. బయటి గాలి బరువు నీళ్ళను ఆ ఖాళీలోకి నెడుతుంది. 1640లలో ఇటలీలో టొరిచెల్లి పాదరసం గొట్టంతో తేల్చి చెప్పిన విషయం ఇది. గాలి బరువు మోయగలిగింది సముద్రం ఒడ్డున 10.3 మీటర్ల నీటిని. 600 మీటర్ల ఎత్తున ఉన్న మన దగ్గర గాలి కాస్త పల్చన కాబట్టి అది 9.6 మీటర్లకు తగ్గుతుంది. పైపు నష్టాలు, ఫుట్ వాల్వు, నీటి వేడి అన్నీ పోను, గట్టుమీది మోటరుకు నికరంగా అందేది ఆరేడు మీటర్ల లోతు.

మన పెద్దలు వ్యవసాయ బావుల్లో దీన్ని చేతులతో తెలుసుకున్నారు. మోట పోయి కరెంటు మోటర్లు వచ్చిన కొత్తలో మోటరు గట్టు మీదే ఉండేది. నీటిమట్టం దిగగానే మోటరు నడుస్తూనే ఉన్నా చుక్క వచ్చేది కాదు. అప్పుడు బావి గోడలో రాళ్ళు దిగ్గొట్టి, దూలాలు వేసి, మోటరును తాళ్ళతో కిందికి దించేవాళ్ళు. ఇంకా దిగితే ఇంకో మెట్టు కిందికి. వానలొచ్చి నీళ్ళు పెరిగితే రాత్రికి రాత్రి పైకి ఎక్కించాలి, లేదంటే మునిగిపోతుంది. బలమైన మోటరు తెచ్చినా ఆ ఆరేడు మీటర్ల గీత దాటలేదు. సబ్‌మెర్సిబుల్ వచ్చాక తీరింది ఎందుకంటే, అది నీళ్ళలోనే మునిగి ఉండి కింది నుంచి నెడుతుంది. నెట్టడానికి గాలి పెట్టే హద్దు లేదు. ఇక్కడా ఒక సంగతి గమనించాలి. వెయ్యి అడుగుల బోరు అంటే మోటరు వెయ్యి అడుగులు మోస్తుందని కాదు. నడుస్తున్నప్పుడు నీళ్ళు రెండు వందల అడుగుల్లో నిలిస్తే అది మోసే ఎత్తు ఆ రెండు వందలూ, దాని మీద మీ ట్యాంకు ఎత్తూ. ఏప్రిల్‌కల్లా మట్టం నాలుగు వందలకు పడిపోతే, అదే మోటరు, అదే పైపు, నీళ్ళు మాత్రం సగమూ రావు. మోటరు పాడైందని విప్పదీయించే ముందు మట్టం అడగండి.

ఇప్పుడు వీధిలోకి వద్దాం. ఔటర్ రింగ్ రోడ్డు లోపలి ఊళ్ళకు జలమండలి వేసిన లైన్లలో నీళ్ళు రోజంతా ఉండవు. రిజర్వాయరు దగ్గర లైన్‌మ్యాన్ ఒక్కో బస్తీకి వాల్వు తిప్పుతాడు, వేళ కాగానే కట్టేస్తాడు. కేంద్ర ప్రభుత్వపు నీటి సరఫరా మాన్యువల్ ఎన్నో ఏళ్ళుగా చెప్పిన లెక్క ప్రకారం, ఇంటి కనెక్షన్ దగ్గర మిగలాల్సిన బలం ఒక అంతస్తు ఇంటికి 7 మీటర్లు, రెండంతస్తులకు 12, మూడంతస్తులకు 17. అంత బలం వస్తే నీళ్ళు తమంతట తామే ట్యాంకులోకి ఎక్కాలి. మన వీధుల్లో ఎక్కవు కాబట్టే ప్రతి ఇంటికీ సంపు తప్పలేదు.

సంపు నేలలోపల ఉంటుంది. అందులోకి తెరిచి ఉన్న పైపు వీధిలోని బలాన్ని ఆ కిందిమట్టం దాకా వదిలేస్తుంది. వాల్వు తిప్పగానే లైను మొదట్లో ఉన్న ఇళ్ళ సంపులన్నీ ఒకేసారి నీళ్ళు మింగడం మొదలుపెడతాయి. కాలువ కింద చివరి ఆయకట్టు రైతు పరిస్థితి ఎలా ఉంటుందో, వీధి చివరి ఇంటిదీ అదే. పైవాళ్ళ మడులు నిండి పొర్లితే తప్ప ఇతని దాకా రాదు. సంపులో బాల్ కాక్ లేక నీళ్ళు పొర్లి మోరీలో పోతున్నాయంటే, పోయేది నీళ్ళు మాత్రమే కాదు, చివరి ఇంటివాళ్ళ ప్రెషర్ కూడా. కొన్ని వందల రూపాయల బాల్ కాక్ బిగిస్తే మీ సంపు నిండగానే ఆ బలం ముందుకు సాగిపోతుంది. వీధి ఎత్తుపల్లాల మీద ఉంటే ఇది మరీ ముఖ్యం. పల్లంలో ఉన్న ఇంటికీ, మూడు మీటర్ల మెరకలో ఉన్న ఇంటికీ ఒకే పైపు మీద తేడా ఒక అంతస్తంత.

ఇక ఓపిక నశించినవాళ్ళు చేసే పని, జలమండలి పైపుకే నేరుగా మోటరు బిగించడం. ఇందాక చెప్పుకున్న సూత్రం ఇక్కడ గుర్తు చేసుకోండి. ఆ మోటరు పైపులో ఒత్తిడిని బయటి గాలికన్నా కిందికి దించుతుంది. నేలలో ఆ పైపుకు ఎక్కడో ఒక జాయింటు వదులై ఉంటుంది. మామూలుగా ఆ సందులోంచి నీళ్ళు బయటికి కారతాయి. లోపల ఒత్తిడి పడిపోయినప్పుడు, చుట్టూ ఉన్న తడి అదే సందులోంచి లోపలికి పోతుంది. పక్కనే డ్రైనేజీ లైను ఉంటే ఆ మురుగే పోతుంది. అది మోటరు పెట్టినవాళ్ళ సంపులోకే వెళ్తుందని లేదు, ఎదురింటి పసిపిల్లల గ్లాసులోకీ వెళ్తుంది. తాగునీటి పైపులో మురుగు కలిస్తే ఏమవుతుందో హైదరాబాద్ 2009 మేలో భోలక్‌పూర్‌లో చూసింది. కలుషితమైన నీళ్ళు తాగి జనం ప్రాణాలు పోగొట్టుకున్నారు, వందలమంది ఆస్పత్రుల పాలయ్యారు. ఆ పేరు వినగానే నాకు ఈనాటికీ గుండె బరువెక్కుతుంది.

2025 ఏప్రిల్‌లో జలమండలి ఇలాంటి మోటర్ల మీద ప్రత్యేక తనిఖీలు పెట్టింది. దొరికితే మోటరు స్వాధీనం, ఐదు వేల జరిమానా. జరిమానా భయం ఒకెత్తు. అంతకన్నా నాకు బాధ కలిగించేది దాని తర్వాత జరిగే వరస. ఒకరు పెట్టగానే పక్కవాళ్ళకు తగ్గుతుంది, వాళ్ళూ పెడతారు. పదిమంది పెట్టాక అందరికీ మొదట వచ్చినంతే వస్తుంది, కరెంటు బిల్లు అదనం. మోటరు ఏదీ కొనలేని కిరాయి గది మనిషికి మాత్రం ఏమీ రాదు. మీ సంపు నిండాక సంపులోంచి ట్యాంకుకు ఎంత పెద్ద మోటరైనా పెట్టుకోండి, అది మీ ఇంటి వ్యవహారం. వీధి పైపు అలా కాదు.

ఈ మధ్య మన వైపు లేస్తున్న పెద్ద పెద్ద టవర్లలో సమస్య తలకిందులుగా ఉంటుంది. ముప్పై అంతస్తుల మీద ట్యాంకు పెట్టి ఒకే పైపు కిందికి దించితే, అట్టడుగు ఫ్లాటు నల్లాకు తొమ్మిది కేజీల బలం వస్తుంది. వాషింగ్ మెషిన్ గొట్టాలు పగులుతాయి, ఫ్లష్ ట్యాంకు వాల్వులు నిలవవు, నల్లా ఠక్కున కట్టేస్తే పైపులు గోడలో దడదడలాడతాయి. వేగంగా వస్తున్న నీళ్ళు ఒక్కసారిగా ఆగినప్పుడు ఆ ఊపంతా ఒత్తిడిగా మారి పైపును కొడుతుంది. అందుకని కొన్ని కొన్ని అంతస్తులకు విడిగా లైన్లు వేసి, మధ్యలో ఒత్తిడి తగ్గించే వాల్వులు పెడతారు. ఫ్లాటు కొనేవాళ్ళు ఎన్నో అడుగుతారు గానీ, ఆ వాల్వులు ఎక్కడున్నాయి, వాటిని ఎవరు చూస్తారు అన్నది అడగడం నేను అరుదుగా విన్నాను. ఒకే టవర్‌లో పైవాళ్ళు నీళ్ళు రావట్లేదని, కిందివాళ్ళు పైపులు పగులుతున్నాయని ఒకే రోజు ఫిర్యాదు చేస్తున్నారంటే, ముందు అనుమానించాల్సింది ఆ వాల్వునే.

మీ ఇంట్లో ప్రెషర్ తగ్గినట్టు అనిపిస్తే ముందు ఒక్క నల్లాకేనా, ఇల్లంతానా చూడండి. ఒక్కదానికే అయితే జాలీ విప్పండి. వేడినీళ్ళ వైపు మాత్రమే అయితే గీజరు చూడండి. ఇల్లంతా అయితే డాబా ఎక్కి గేట్ వాల్వు పూర్తిగా తెరిచి ఉందో లేదో చూడండి. ట్యాంకు కడిగినవాళ్ళు సగం తిప్పి వదిలేయడం మామూలే. కొన్ని పాత వాల్వుల్లో పిడి తిరుగుతుంది గానీ లోపల పలక ఊడిపోయి కదలదు, దాన్నీ గమనించండి. ఇవన్నీ బాగుండి సంపులోకి వచ్చే ధారే సన్నబడితే, అప్పుడది వీధి సంగతి.

అప్పుడు జలమండలి నంబరు 155313కి ఫోన్ చేయండి. "ప్రెషర్ లేదు" అని ఒక్కమాట చెప్తే వాళ్ళకు దారి దొరకదు. నీళ్ళు ఎన్నింటికి వదిలారు, ఎన్నింటికి సన్నబడ్డాయి, వీధిలో ఏ ఇంటి దాకా బాగున్నాయి, ఏ ఇంటి నుంచి తగ్గాయి, అంతకు ముందు దగ్గర్లో రోడ్డు తవ్వారా, ఎక్కడైనా నేల ఊరికే తడిసి ఉందా, ఇవి చెప్పండి. బాగున్న ఇంటికీ తగ్గిన ఇంటికీ మధ్య ఉన్న ఆ నాలుగైదు గజాల్లోనే లీకేజో, మట్టి చేరిన పైపో ఉండే అవకాశం ఎక్కువ, తవ్వేవాళ్ళకు అదే ఆనవాలు. వాల్వు తిప్పిన మొదటి పావుగంటలో నీళ్ళు రంగు మారి గానీ వాసనతో గానీ వస్తుంటే మాత్రం ఆ మాట అన్నిటికన్నా ముందు చెప్పండి. వాళ్ళు వచ్చి చూసేదాకా ఆ నీళ్ళు సంపులోకి వదలకండి, పక్క ఇళ్ళవాళ్ళకూ తలుపు తట్టి చెప్పండి.